అరువు పిల్లలు

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మొన్న గిన్నెలు తోముతూ మధ్యలో ఆపి, "అమ్మా, మా పాపను ఏ బడిల ఎయ్యాలె? జెర నువ్వే చెప్పు," అంది. వాళ్లుండేది కాప్రా చెరువు దగ్గర. పాపకు మూడు నిండి నాలుగు నడుస్తోంది. ఇన్నాళ్లూ వీధి చివరి అంగన్‌వాడీకి పోతోంది. ఇప్పుడు పక్కనే ఉన్న సర్కారు బడిలో చిన్నపిల్లలకు కొత్తగా తరగతి తెరిచారట. పొద్దున అంగన్‌వాడీ టీచరు, సాయంత్రం బడి టీచరు ఇంటికొచ్చి, పాపను తమ దగ్గరికే పంపమని ఎవరికి వారు అడిగి వెళ్లారట.

"ఇద్దరు సుత మంచిగనే మాట్లాడిన్రు. అంగన్‌వాడీ మేడమ్ అయితే పోయేటప్పుడు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. నాకేం సమజైతలేదు," అంది.

అడిగినా అడక్కపోయినా సలహాలు చెప్పడంలో ఈ ఏ.ఎస్. రావు నగర్‌లో నన్ను మించినవాళ్లు లేరని మా ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తుంటారు. ఆ రోజు మాత్రం ఏ బడో చెప్పలేదు. "నీ ఇష్టం వచ్చిన చోటికి పంపు. పంపని చోటికి మాత్రం నువ్వే వెళ్లి, అక్కడి టీచరుకు మొహం చూసి చెప్పిరా," అన్నాను. అదేం సలహా అన్నట్టు నావైపు చూసి మళ్లీ గిన్నెలు అందుకుంది. ఆమె తప్పేం లేదు. నా కళ్లముందు ఏం కదులుతోందో ఆమెకేం తెలుసు.

అప్పుడు నేను మూడో తరగతి. తిరుమలగిరిలో మిలటరీ గోడకు ఇవతల, రెండు మంచాలు వేస్తే నిండిపోయే గది మాది. పొద్దున్నే గోడ అవతల బాకా ఊదితే మా సందు మొత్తం లేచేది. అమ్మానాన్నలు విజయనగరం వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. నాన్న సికింద్రాబాదులో ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. ఆ ఏడు ఆయనకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచాన పడ్డాడు. ఆఫీసువాళ్లు కొన్నాళ్లు చూసి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. ఇక ఇల్లు నడిచేది, మందులొచ్చేది అమ్మ టీచరు ఉద్యోగం మీదే.

మా చుట్టుపక్కల సర్కారు డబ్బుతో నడిచే బడులు నాలుగు రకాలు. పెద్దవాళ్లు వాటిని ఏమనుకునేవాళ్లో గానీ, మేం పిల్లలం వాసన బట్టి చెప్పుకునేవాళ్లం. కంటోన్మెంట్ బోర్డు బడి అంటే కొత్త సున్నం వాసన. మిలటరీవాళ్ల పిల్లలు చదివే ఢిల్లీ సర్కారు బడి అంటే బూటు పాలిష్ వాసన. అది మాకు గేటు దాకానే తెలుసు. బస్తీలో ఇప్పటి అంగన్‌వాడీ లాంటి బాల్వాడీ అంటే ఉప్మా వాసన. మా అమ్మ పనిచేసే గ్రాంటు బడి అంటే గబ్బిలాల వాసన. నవ్వకండి. పాత పెంకుల కప్పు, పైన దూలాల సందుల్లో అవి, కింద మేము. వానాకాలం ఆ వాసనకు తడి గోనెసంచుల కంపు కూడా తోడయ్యేది.

గ్రాంటు బడి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. భవనం ఎవరో కమిటీ పెద్దమనుషులది, జీతాలు సర్కారువి, భయం టీచర్లది. తరగతికి ఇంతమంది పిల్లలుండాలని లెక్క. ఉంటే ఆ టీచరు జీతం వస్తుంది. తగ్గితే పోస్టు పోతుంది. పోస్టుతో పాటు టీచరూ ఇంటికే. అమ్మది శిశు తరగతి, ఒకటో తరగతి కన్నా ముందుది. అందులో పిల్లలకు చదువు కన్నా ముక్కు తుడవడం ఎక్కువ. మధ్యాహ్నం పూట పలకలకు దొండాకు, బొగ్గు రుద్దించి ఎండలో ఆరబెట్టించేది. నేను బలపాలు కొరుక్కుతినేదాన్ని. కొత్త వాన పడ్డ మట్టిలా ఉండేది ఆ రుచి. అమ్మకు దొరికిన రోజు వీపు చిట్లిపోయేది.

ఆ ఏడు బోర్డువాళ్లు కూడా శిశు తరగతి తెరిచారు. ఊరికే బట్టలిచ్చారు, రోజూ ఒక బన్ను కూడా. ఇంకేముంది, అమ్మ తరగతి నుంచి ఒకరి తర్వాత ఒకరు జారిపోయారు. దసరా సెలవుల తర్వాత బడి తెరిస్తే గదిలో సగం మంది లేరు. నిన్నటిదాకా అమ్మ కొంగు పట్టుకుని తిరిగిన పిల్లవాడు బోర్డు బడి నిక్కరు వేసుకుని మా ముందు నుంచే బన్ను తింటూ పోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. రాయి విసురుదామనుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుంది.

ఒక సాయంత్రం బడి పెద్ద సారు, అంటే హెడ్మాస్టరు, మా ఇంటికే వచ్చాడు. ముక్కుపొడి పీల్చే మెత్తటి మనిషి. గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు.

"టీచర్ గారూ, వచ్చే వారం ఇన్‌స్పెక్షన్. తలలు లెక్కపెడతారు. మీ క్లాసులో తక్కువుంటే పోస్టు తీసేస్తారు. నేను చేయగలిగిందేం లేదు," అన్నాడు. ఆగి, గొంతు తగ్గించి, "పిల్లల్ని ఎక్కడి నుంచైనా ఒక్క పూట తెచ్చుకుంటారేమో చూడండి. నాకు మాత్రం చెప్పకండి," అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ నాటికి పిల్లల్ని అరువు తెచ్చుకోవడం అప్పట్లో గుట్టేమీ కాదు. మా ఇళ్లలో చక్కెర అరువడిగినట్టే అడిగేవాళ్లు. కానీ అమ్మ అంతకు ముందెప్పుడూ ఆ పని చేయలేదు. ఆ రాత్రి నాన్న మంచం మీద నుంచే అన్నాడు, "ఒద్దే. పట్టుబడితే పరువు పోద్ది."

"పరువుతో మందులొస్తాయేటి?" అంది అమ్మ.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్తీలోని బాల్వాడీకి వెళ్లింది. బాల్వాడీ అంటే ఒకటే గది, ఒకటే మనిషి. ఆమెను అందరూ ఆయమ్మ అనేవాళ్లు. టీచరూ ఆమే, వంటమనిషీ ఆమే. భారీ మనిషి, నుదుటన రూపాయంత బొట్టు, నోట్లో ఎప్పుడూ తమలపాకు. సర్కారు ఇచ్చే పచ్చటి మొక్కజొన్న రవ్వతో ఉప్మా వండేది. వాకిట్లో చెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. దాన్ని ఇనుప చువ్వతో కొట్టగానే పిల్లలంతా బాసింపట్లు వేసుకుని, సత్తు పళ్లాలు రెండు చేతులా ముందుకు చాపి కూర్చునేవాళ్లు. తిన్నాక గోనెసంచుల మీద నిద్రపోయేవాళ్లు. నాకూ వాళ్లలో కూర్చోవాలనిపించేది. టీచరు కూతుర్నని బింకంగా నిలబడేదాన్ని. ఆయమ్మ మాత్రం నా దోసిట్లో ఒక ముద్ద పెట్టకుండా ఎన్నడూ పంపలేదు.

అమ్మ సంగతి చెప్పింది.

"గంతేనా?" అంది ఆయమ్మ. "ఒక్క పూటకే గదా. పెద్దగున్నోళ్లను తీస్కపో టీచరమ్మా. పగటీలికి మళ్ల నా దగ్గర ఉండాలె. ఉప్మా సల్లారితే ముట్టరు."

"నీకేటీ మాట రాదు కదా అక్కా?"

"నాకేమైతది? నువ్వు పరేషాన్ గాకు. నీ నౌకరీ పోతే ఆయన మందులెట్ల?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

వాళ్లకు తర్ఫీదు ఇచ్చే పని నా నెత్తిన పడింది. బోర్డు బడికి పోయిన పిల్లల పేర్లు ఇంకా హాజరు పట్టీలో ఉన్నాయి. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క బాల్వాడీ పిల్లకు తగిలించి, పిలవగానే లేచి "హాజర్ సార్" అనాలని నేర్పాను. ఎర్ర రిబ్బను పిల్ల ఒకతి ఉండేది. చచ్చినా వినేది కాదు. "నా పేరు గది కాదు," అనేది. బెదిరించాను, గిల్లాను, బతిమాలాను. ఆఖరికి నేను దాచుకున్న కొత్త బలపం చేతిలో పెడితే, "ఒక్కపారే అంట," అంది. పరీక్షలకు కూడా నేను అంత వణికింది లేదు. ఒక్క పిల్ల నోరు జారితే మా అమ్మ ఉద్యోగం పోతుంది, నాన్న మందులు పోతాయి. ఆ మాట ఎవరికీ చెప్పకూడదు. రాత్రిళ్లు ఆ పేర్లన్నీ నిద్రలో కూడా పలవరించానట.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే బడి నేలను పేడతో అలికారు. ఇరానీ హోటల్ నుంచి బిస్కెట్లు, సమోసాలు తెప్పించి పెద్ద సారు గదిలో మూత పెట్టారు. ఆ మూత కింద నుంచి రెండు బిస్కెట్లు మాయమయ్యాయి. ఎవరు తీశారని ఇప్పుడు అడగకండి. బాల్వాడీ పిల్లల్ని వెనక సందులోంచి తెచ్చి, బడి పిల్లల మధ్య ఒకరు విడిచి ఒకరుగా కూర్చోబెట్టాను. చిన్నపిల్లలను చూసుకునే వంకతో పెద్ద సారు నన్నూ ఆ గదిలోనే ఉంచాడు. ఎవరినీ అడగకుండానే ఆయనకు అంతా తెలుసు.

ఇన్‌స్పెక్టరు సారు బక్కపలచటి మనిషి. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, హాజరు తనే పిలిచాడు. ఒక్కొక్కరూ లేచి హాజర్ అంటున్నారు. అమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎర్ర రిబ్బను పిల్ల వంతు వచ్చింది. పేరు పిలిచాడు. లేవలేదు. మళ్లీ పిలిచాడు. అది నావైపు చూసింది. నేను కళ్లతోనే దండం పెట్టాను. అప్పుడు లేచి, "హాజర్," అని గొణిగి కూలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్క సరిపోయింది. ఇన్‌స్పెక్టరు సారు సంతకం చేయడానికి పెన్ను మూత తీశాడు.

సరిగ్గా అప్పుడే బయట ప్యూను గంట కొట్టాడు. పీరియడ్ అయిపోయిందని కొట్టే గంట. మా బడిలోనూ గంటంటే రైలు పట్టా ముక్కే. ఆ సంగతి ఇన్ని రోజుల్లో నాకు గానీ అమ్మకు గానీ తట్టలేదు.

గంట వినగానే మా బడి పిల్లలంతా అలవాటు ప్రకారం లేచి నిలబడ్డారు. బాల్వాడీ పిల్లలంతా అలవాటు ప్రకారం బాసింపట్లు వేసుకుని, రెండు చేతులతో పలకలు ముందుకు చాపి కూర్చున్నారు. ఎవరు ఈ బడి వాళ్లో, ఎవరు కాదో, వేరు చేసి చూపించినట్టు అయిపోయింది.

ఇన్‌స్పెక్టరు సారు పెన్ను మూత పెట్టాడు. ఎర్ర రిబ్బను పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "పలక గిట్ల ఎందుకు పట్టినవమ్మా?" అన్నాడు.

"ఉప్మా పెడ్తరు," అంది అది.

ఆయన లేచి పెద్ద సారు వైపు చూశాడు. పెద్ద సారు ముక్కుపొడి డబ్బా వైపు చూసుకున్నాడు. అప్పుడు అమ్మ నోరు విప్పింది. "బాల్వాడీ పిల్లలండి. నేనే తెచ్చుకున్నాను. పెద్ద సారుకి తెలీదు." అయిపోయింది, ఇక దాచేదేం లేదు అన్నట్టు నిలబడింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఇన్‌స్పెక్టరు సారు కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. పిల్లల్ని పైకీ కిందికీ చూసి, "వీళ్లల్ల శానమంది ఎదిగినట్టే ఉన్నరు. బడి ఈడు వచ్చిన పిల్లలు ఇంకా బాల్వాడీల ఏం చేస్తున్నరు?" అన్నాడు. వాళ్లను వరసగా నిలబెట్టమన్నాడు. "కుడిచెయ్యి నెత్తి మీదికెల్లి వేసి, ఎడమ చెవి ముట్టుకోండ్రి."

అప్పట్లో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. చెయ్యి తల మీదుగా వేస్తే అవతలి చెవి అందిందా, బడి ఈడు వచ్చినట్టు. అందలేదా, ఇంకా రానట్టు. మమ్మల్నందరినీ బళ్లో అలాగే చేర్చుకున్నారు. ఈ మెలిక ఎటు పోతుందో అమ్మకు అర్థమైంది. చెవి అందిన పిల్లల్ని ఇక్కడే చేర్చుకోమంటాడు. అందినవాళ్లు చాలినంతమంది ఉంటే పోస్టు నిలుస్తుంది. లేకపోతే లేదు.

మొదటివాడికి అందింది. రెండోవాడికి అందింది. ఒకడికి అందకపోతే పక్కకు జరిపారు. ఆ జరిపిన వాణ్ణి చూసి అమ్మ కళ్లు మూసుకుంది. ఇంకొకతికి అందింది. నేను గోడకానుకుని, ఎవరూ చూడకుండా నా చేతిని నా తలమీదికి సాగదీస్తున్నాను, నాది సాగితే వాళ్లది సాగుతుందన్నట్టు. అప్పుడే గుమ్మంలో ఆయమ్మ కనిపించింది. పిల్లలు ఇంకా రాలేదని ఉప్మా తపేలా నెత్తిన పెట్టుకుని తనే వచ్చింది. ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. లోపల ఏదో పరీక్ష జరుగుతోందని, పిల్లలు గెలిస్తే టీచరమ్మ ఉద్యోగం నిలుస్తుందని మాత్రం అమ్మ మొహం చూసి పసిగట్టింది.

చివరికి ఒక్కరు తక్కువ. మిగిలింది ఎర్ర రిబ్బను పిల్ల.

చెయ్యి వేసింది. వేలి కొసలు చెవికి కొంచెం పైన ఆగిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ అక్కడే ఆగాయి. గదిలో గబ్బిలాలు కూడా కదలడం మానేశాయి.

"తల జెర ఇటు వంచు బిడ్డా," అంది ఆయమ్మ గుమ్మంలోంచి. తపేలా కింద పెట్టి, తన చెయ్యి తన తలమీద వేసి చూపించింది. "గిట్ల. ఇంకొంచెం గుంజు. అందుతది, అందుతది."

పిల్ల తల వంచింది. వేలు చెవికి తగిలింది. "ముట్టిన," అని గట్టిగా అరిచింది.

ఆయమ్మ నోరారా నవ్వింది. నాకూ ఎగిరి గంతేయాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు సారు తల వంచడం చూడనట్టే ఊరుకున్నాడు. మంచివాడే, కాదనను. "సరిపోయింది టీచరమ్మా. అందినోళ్లంత ఇయ్యాల్టి నుంచి మీ బడి పిల్లలే. సొంత పేర్లు రాసుకోండ్రి. రేపటి నుంచి బాల్వాడీకి పోవద్దు, ఇక్కడికే రావాలె. మీ పోస్టుకు ఢోకా లేదు. సరేనా?"

అమ్మ గుమ్మం వైపు చూసింది. ఆయమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మీద అమ్మ చూపు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత తల తిప్పి, "సరే సార్," అంది.

ఇన్‌స్పెక్టరు సారు టీ తాగడానికి వెళ్లాడు. ఆయన వెనకే పెద్ద సారు. గదిలో మేమే మిగిలాం. ఆయమ్మ మొహంలోంచి నవ్వు మెల్లగా జారిపోవడం చూశాను. ఆమె కొట్లాడలేదు. శాపనార్థాలు పెట్టలేదు. "మరి రేపటి సంది నేను ఎవలకు వండాలె టీచరమ్మా?" అని మాత్రం అడిగింది. నిజంగా తెలియకే అడిగినట్టు అడిగింది.

ఆ పూట ఉప్మా మా వరండాలోనే పెట్టింది ఆయమ్మ. పిల్లలు తిన్నారు. నాకూ పెట్టబోయింది. నేను దోసిలి పట్టలేకపోయాను. తిన్నాక ఆమె ఖాళీ తపేలా ఎత్తుకుని బయల్దేరితే, పిల్లలంతా రోజూలాగే వెనకాల పరిగెత్తారు. సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఒక్కొక్కరి భుజం పట్టి బడి వైపు మళ్లించింది. "నాయెంట గాదు బిడ్డా. మీ బడి గిదే," అని చెబుతోంది. ఎర్ర రిబ్బను పిల్ల ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని వదల్లేదు. అమ్మ వెళ్లి ఆ వేళ్లు విడదీసి ఎత్తుకుని తెచ్చింది. అమ్మా ఆయమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాత బాల్వాడీలో చెవి అందని చంటివాళ్లు కొద్దిమంది మిగిలారు. పిల్లలు తగ్గారని రవ్వ బస్తాలు తగ్గించారు. రవ్వ లేదని ఉన్న పిల్లలూ మానేశారు. ఎండాకాలం వచ్చేసరికి గదికి తాళం పడింది. ఆయమ్మను కీసర అవతల ఏదో ఊరికి వేశారని ఒకరు, అసలు తీసేశారని ఒకరు చెప్పారు. ఆమెను బడిలో ఆయాగా పెట్టుకోమని అమ్మ పెద్ద సారును బతిమాలింది. గ్రాంటు బడికి ఆయా పోస్టు లేదన్నాడు. అమ్మ బస్తీలో ఆమె ఇంటికి వెళ్లేసరికి ఎవరో కొత్తవాళ్లు ఉంటున్నారు. ఆ సాయంత్రం అమ్మ అన్నం ముట్టలేదు.

మరుసటేడు నాన్న కోలుకుని చిన్న పనిలో కుదురుకున్నాడు. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఇల్లు కట్టుకున్నాను. అమ్మ ఆ బడిలోనే రిటైరయింది. ఇప్పుడు ఆ చోట మూడంతస్తుల దుకాణాలున్నాయి. ఆ బాల్వాడీ సందు ఎక్కడో కూడా నేను గుర్తుపట్టలేను. ఉప్మా వాసన మాత్రం, పెళ్లిళ్లలో ఎక్కడైనా తగిలితే, ఇప్పటికీ నేను ప్లేటు పక్కన పెట్టేస్తాను.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒకసారి మాటల మధ్య ఆయమ్మ ప్రస్తావన వచ్చింది. అమ్మ బాధ పడుతుందని, "నువ్వు మాత్రం ఏం చేస్తావమ్మా? ఉద్యోగం పోయేది, నాన్న దక్కేవాడు కాదు. ఎవరైనా అదే చేసేవాళ్లు," అన్నాను.

అమ్మ గోడ వైపు తిరిగింది.

"ఉద్యోగం గురించి కాదే," అంది. "ఒక్క పూటకి అడిగితే మారు మాటాడకుండా ఇచ్చింది. ఆ రోజు గుమ్మంలోనే ఉంది కదా. అక్కా, ఈ పిల్లలు నాకు ఎప్పటికీ కావాలి, ఇచ్చీస్తావా అని అడిగుంటే ఇచ్చీసేదే. నేను అక్కనడగలేదు. సారుకి సరే అనీసేను."